బాపు చేతి మసి

5 ఏప్రిల్ 1998, ఆదివారం

కొత్త నోటుబుక్కు. మొదటి పేజీలో ఏం రాయాలో తెలియక పొద్దుటి నుంచి అలాగే ఉంచాను.

నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు పద్నాలుగో ఏట వచ్చాయి, కమలాక్షమ్మగారి వంటింట్లో. అమ్మ అక్కడ అంట్లు తోముతుంటే ఆవిడ నన్ను పీట మీద కూర్చోబెట్టి అచ్చులు దిద్దించేవారు. పదో తరగతితో చదువు చాలని మా ఇంట్లో అనుకుంటే ఒప్పుకోనిది కూడా ఆవిడే. ఇవాళ నేను బీఎస్సీ చదివి థర్మల్ పవర్ ప్లాంటు ల్యాబ్‌లో ఆర్నెల్ల టెంపరరీ అసిస్టెంటుగా ఉన్నానంటే అది ఆ పీట చలవ. "రోజూ నాలుగు ముక్కలు రాస్తూ ఉండు, లేకపోతే చెయ్యి మర్చిపోతుంది" అన్నారు మొన్న. మా ఇంట్లో ఈ అక్షరాలు ఇంకెవరికీ రావు. కాబట్టి ఏం రాసినా భయం లేదు.

ఈరోజు ఆవిడ అద్దాల చేపల తొట్టి మా ఇంటికి వచ్చింది.

ఆవిడ భర్త అనంతరావు సారు మా ల్యాబ్‌లో పెద్ద కెమిస్టు. ల్యాబ్‌లో ఎలా పని చేయిస్తారో దుర్గాపూర్‌లోని వాళ్ళ క్వార్టర్‌లో కూడా అలాగే, ఒకటి తర్వాత ఒకటి, తొందర లేకుండా చేయించారు. పాత నీళ్ళు క్యాన్లలోకి తోడాం. రాళ్ళను తడి పేపర్లలో చుట్టాం. ఇవి మామూలు రాళ్ళు కావు, సముద్రం అడుగువి. వాటి సందుల్లో కంటికి ఆనని ప్రాణాలు కోట్లు ఉంటాయట, తొట్టి నీళ్ళను శుభ్రంగా ఉంచేది అవేనట. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు, నత్తలు ఆరు, గుండీల్లాగా రాయికి అతుక్కున్న పగడపు జీవులు ఒక గుప్పెడు. చివరగా పువ్వు. పుస్తకాల ప్రకారం అది పువ్వు కాదు, జంతువు. వేళ్ళలాంటి రెక్కలు నీళ్ళలో ఆడిస్తుంటుంది, చేపలు వాటి మధ్య పడుకుంటాయి. కమలాక్షమ్మగారు సముద్రపు పువ్వు అనే అంటారు. నేనూ అలాగే రాస్తాను. దాన్ని సారు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, టెంపోలో బాబుపేట్‌లో మా ఇంటి దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చారు.

ఆవిడది కాకినాడ. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక సముద్రం లేని ఊళ్ళో ఊపిరి ఆడటం లేదంటే ఏడేళ్ళ కిందట సారు ఈ తొట్టి కట్టారు. అప్పట్లో ఆవిడ తమ్ముడు సముద్రపు నీళ్ళనే క్యాన్లలో రైలెక్కించేవాడట. ఇప్పుడు బొంబాయిలో ఫారిన్ ఉప్పు ప్యాకెట్లు దొరుకుతున్నాయి, కలుపుకుంటే చాలు.

మా నాన్న, బాపు, గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

"గింత నీళ్ళకు గంత తతంగమా సారూ?"

"పోశన్నా, ఇది సముద్రం. చిన్నది, అంతే."

"ఉప్పెక్కువైతే కూర పారబోస్తం. దీన్నేం జేస్తరు?"

సారు నవ్వారు. కమలాక్షమ్మగారు కూడా నవ్వారు, పొట్ట పట్టుకుని. నవ్వితే నొప్పి వస్తోంది ఆవిడకు. బుధవారం హైదరాబాద్ వెళ్తున్నారు. ఆపరేషను, తర్వాత వరసగా కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్. జూన్ ఆఖరు దాకా రారు.

"మీ ఇంట్లో పగలంతా మనిషి ఉంటాడు కదా, అందుకే ఇక్కడ పెట్టమన్నాను" అన్నారు. "నేను వచ్చేసరికి పువ్వు ఇలాగే విచ్చుకుని ఉండాలి, ప్రతిభా. అదొక్కటి చాలు."

ఉంటుందన్నాను.

సారుకి, అమ్మగారికి, టెంపో డ్రైవర్‌కి కృతజ్ఞతలు. పక్కింటి వాళ్ళకి కూడా, బల్ల ఇచ్చినందుకు.

8 ఏప్రిల్

వెళ్ళిపోయారు. స్టేషన్‌లో కిటికీలోంచి "ఇరవై ఎనిమిది దాటనివ్వకు" అన్నారు. తొట్టి నీళ్ళ వేడి సంగతి.

14 ఏప్రిల్

పని చెయ్యికి అలవాటవుతోంది. పొద్దున హైడ్రోమీటర్ వేసి ఉప్పు చూడటం, చిటికెడు మేత, అద్దం తుడవటం. ఆవిరైపోయిన నీళ్ళకు బదులు మంచినీళ్ళు పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పు లేని నీళ్ళే పోయాలి. మా నల్లా నీళ్ళు పోస్తే రాళ్ళకు సున్నం పడుతుంది. అందుకని ప్లాంటులో బాయిలర్ల కోసం లవణాలన్నీ తీసేసి తయారు చేసే డీఎం నీళ్ళు రోజూ ఒక క్యాను తెచ్చుకోవడానికి సారు ఇన్‌చార్జి దగ్గర అనుమతి రాయించి ఇచ్చారు.

డీఎం ట్యాంకు దగ్గర ఆపరేటర్ ధనరాజ్. బల్లార్‌పూర్ తెలుగువాడే గానీ సగం మరాఠీ. "కాయ్ మేడం, మాసే కసే ఆహేత?" అంటాడు రోజూ, చేపలెట్లున్నాయని. అక్కడున్న కాంట్రాక్టు మనుషులంతా నవ్వుతారు. నేను కిందికి చూస్తూ క్యాను నింపుకుంటాను.

నత్త వెల్లకిలా పడితే తనంతట తాను తిరగలేదు. బాపు పొద్దున్నే లేచి తొట్టిలో చెయ్యి పెట్టి పడినవాటిని తిప్పుతున్నాడు. సబ్బు వాసన ఉండకూడదని నేను చెప్పినందుకు ఉత్త నీళ్ళతో మోచేతి దాకా కడుక్కుంటున్నాడు. చెయ్యి పెట్టకు అని చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు గనిలో బొగ్గు ఎత్తిన చేతులు, అరచేతి గీతల్లో మసి అలాగే ఉంది. రిటైరై రెండేళ్ళయినా పోలేదు.

ఇన్‌చార్జికి కృతజ్ఞతలు. బస్సు కండక్టర్‌కి కూడా, క్యానుకి టికెట్ అడగనందుకు.

26 ఏప్రిల్

బయట నలభై నాలుగు. తొట్టి ఇరవై తొమ్మిదిన్నర. పువ్వు రెక్కలు ముడిచింది. నాకు అన్నం సహించలేదు.

కూలర్ పెట్టాను. గదంతా చల్లబడుతోంది గానీ తొట్టి చల్లబడటం లేదు. బాపు వచ్చి కూలర్ ముందు చెయ్యి పెట్టి చూశాడు, తొట్టి మీద పెట్టి చూశాడు.

"గాలి యాడికి బోతున్నది బిడ్డా?"

"గదిలోకే."

"గదిలకు బోతే గది సల్లగైతది. నీకు సల్లగ గావాల్సింది గదినా, తొట్టినా?"

ఆయన నాలుగు గోనె సంచులు విప్పి, దబ్బనంతో కుట్టి, కూలర్ మూతి నుంచి తొట్టి అంచు దాకా ఒక సొరంగంలా కట్టాడు. గనిలో ఇలాగే చేస్తారట. బొగ్గు తవ్వే చోటికి గాలి తనంతట తాను రాదు, పర్దా కట్టి తోలుకుపోవాలి. అమ్మ అటు ఇటు తిరగటానికి దారి లేదని గొణిగింది. "ఎలక లెక్క కిందికెళ్ళి బో" అన్నాడు బాపు. సంచుల మీద గంటకోసారి నీళ్ళు చల్లుతున్నాడు.

సాయంత్రానికి ఇరవై ఏడున్నర. పువ్వు విచ్చుకుంది.

కమలాక్షమ్మగారికి రాశాను: "చల్లదనం కోసం ఒక ఏర్పాటు చేశాను."

3 మే

ఆవిడ దగ్గర నుంచి ఇన్‌లాండ్ వచ్చింది. ఆపరేషను అయింది. కరెంటు మొదలైంది. "పెట్టేటప్పుడు కళ్ళు మూసుకుని పువ్వుని తలుచుకుంటాను. రెక్కలు ఎటు కదులుతున్నాయో చూస్తూ ఉంటే టైం అయిపోతుంది" అని రాశారు. ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మకు, బాపుకు చదివి వినిపించాను. బాపు లేచి వెళ్ళి సంచుల మీద నీళ్ళు చల్లి వచ్చాడు.

మధ్యాహ్నం ఇంట్లో కరెంటు పోయిన మూడు గంటలూ గాలి మోటారు ఆగింది. బాపు చెంబుతో తొట్టి నీళ్ళు తీసి ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోస్తూ కూర్చున్నాడు. నీళ్ళు పైనుంచి పడితే గాలి కలుస్తుందని నేనే చెప్పాను.

ఈ ఉత్తరానికి కృతజ్ఞతలు.

12 మే

నలభై ఆరు. రోజుకి నాలుగు లీటర్లు ఆవిరవుతున్నాయి.

డీఎం ట్యాంకుకి రంగులు వేస్తున్నారని నల్లాకి తాళం. తాళంచెవి ధనరాజ్ దగ్గర, అవతలి షెడ్డులో. నిన్న వెళ్ళి అడిగితే ఎనిమిది మంది ముందు "బీఎస్సీ చేసి నీళ్ళు మోస్తున్నవా మేడం? మా చెల్లె ఏడో తరగతి, అదీ గదే పని జేస్తది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు ముఖం పెట్టాను.

ఇవాళ అక్కడికి వెళ్ళలేదు. ల్యాబ్ గోడ పక్కనే బాయిలర్ లైను శాంపిల్ నల్లా, పరీక్షకు నీళ్ళు పట్టేది, ఉంది. క్యాను అక్కడే నింపుకున్నాను. మీటర్ పెట్టి చూశాను, లవణాలు లేనట్టే. ఆవిరై మళ్ళీ నీళ్ళయినవి కదా, అంతకంటే శుభ్రం ఏముంటుంది. రెండూ ఒకటే నీళ్ళు.

13 మే

శాంపిల్ నల్లా దగ్గరే. బస్సు కూడా టైముకి దొరికింది.

14 మే

ఈరోజు సగం నీళ్ళు మార్చే రోజు. రెండు క్యాన్ల నీళ్ళలో కొత్త ఉప్పు కలిపి పోశాను. హైడ్రోమీటర్ సరిగ్గా చూపించింది. అంతా సారు రాసిచ్చిన కాగితం ప్రకారమే.

15 మే

పువ్వు ముడుచుకుంది. ఎండ వల్ల.

థర్మామీటర్ ఇరవై ఏడు అంటోంది. థర్మామీటర్ పాతది.

16 మే

పొద్దున తొట్టి దగ్గర వాసన. పువ్వు రాయి మీద నుంచి ఊడి కరిగిపోతోంది. చేతికి జావలాగా వచ్చింది. ఒక చేప పక్కకి ఒరిగి ఉంది, మధ్యాహ్నానికి పోయింది. రెండోది మూల దాక్కుంది.

అప్పటికే బాపు నత్తను తిప్పడానికి చెయ్యి పెట్టి ఉన్నాడు. ఆ చెయ్యి చూడగానే నాకు తెలిసిపోయింది.

"ఎన్నిసార్లు చెప్పిన చెయ్యి పెట్టకు అని? ఆ చేతులకు ఎంత మసి ఉందో చూసుకున్నవా?"

చెప్పలేదు నిజానికి. చెప్పాలని అనుకున్నాను, అంతే.

ఆయన చెయ్యి బయటకు తీసి చూసుకున్నాడు. నీళ్ళు కారుతున్నాయి.

"కడుక్కున్న గద బిడ్డా."

"కడిగితే పోతదా అది? ముప్ఫై ఏండ్ల బొగ్గు అది. వీటికి అది విషం."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఏందే గట్ల మాట్లాడుతున్నవ్ బాపుతోని" అంది.

"ఉండనీ" అన్నాడు బాపు. "సదువుకున్నది, దానికి దెలుస్తది."

17 మే

కమలాక్షమ్మగారికి రాయకుండా ఉండలేను. రాశాను: "పువ్వు పోయిందండి, ఒక చేప కూడా. మా బాపు తెలియక చెయ్యి పెట్టాడు. గని చేతులు కదండీ, ఆయనకు తెలియదు. దయచేసి క్షమించండి."

నిజం దాచకుండా రాసే ధైర్యం ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు.

20 మే

రంగుల పని అయిపోయింది, డీఎం నల్లా తాళం తీశారు. మళ్ళీ అక్కడే పట్టుకుంటున్నాను.

బాపు తొట్టి గదిలోకి రావడం లేదు. బయట రేకు కింద కూర్చుంటున్నాడు. అక్కడ పెనం మీద ఉన్నట్టు ఉంటుంది. లోపలికి రమ్మంటే "ఇక్కడ మంచిగున్నది" అంటాడు. చెంబుతో నీళ్ళు గుమ్మంలో పెడతాడు, సంచుల మీద చల్లటం అమ్మ చేస్తోంది. సగం మర్చిపోతోంది.

24 మే

తొట్టి కోలుకుంటోంది. సగం నీళ్ళు మళ్ళీ మార్చాను. గుండీ జీవులు విచ్చుకున్నాయి, మిగిలిన చేప మేతకు పైకి వస్తోంది. బాపు చెయ్యి పెట్టడం మానేసి ఎనిమిది రోజులయింది. అంటే నేను అనుకున్నదే.

ఒక నత్త వెల్లకిలా పడి చచ్చిపోయి ఉంది. నేను చూసుకోలేదు.

28 మే

ఆవిడ జవాబు. రాత ఆవిడది కాదు, సారుది. ఆవిడ చెబుతుంటే రాశారట.

"పోశన్నని ఏమీ అనకు. వెయ్యి పువ్వులు పోయినా మనిషిని అనకూడదు. ఆయన ఆ రోజు నవ్వించకపోతే నేను రైలెక్కేదాన్ని కాదు. మిగిలినదాన్ని చూసుకో."

బాపుకి చదివి వినిపించాలి. ఇన్‌లాండ్ మడిచి పెట్టెలో పెట్టాను.

29 మే

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

ధనరాజ్ రంగుల డబ్బాలు తిరిగి ఇవ్వడానికి ల్యాబ్‌కి వచ్చాడు. "కాయ్ మేడం, నా నల్లాకు తాళమున్నప్పుడు నీళ్ళెక్కడ దొరికినయ్ నీ చేపలకు? నేను తాళంచెవి తీసి పెట్టి ఎదురుచూసిన" అన్నాడు.

గోడ పక్క నల్లా చూపించాను.

అతను నవ్వలేదు. మొదటిసారి నవ్వలేదు. "గదాంట్ల అమ్మోనియా కొడ్తం గదా మేడం. గొట్టాలు తుప్పు పట్టకుండ ఇంకో మందు గూడ కలుస్తది. నువ్వే గదా రోజు చెక్ చేసేది."

అవును, నేనే. ఈ నల్లా నీళ్ళలో అమ్మోనియా ఎంత ఉందో కొలవటం నా రోజువారీ పని. రిజిస్టరు తీశాను. మే పన్నెండు, పదమూడు, పద్నాలుగు, మూడూ నా చేతిరాతే. అంకెలు కింద గీత గీసి సంతకం కూడా పెట్టాను. పొద్దున కొలిచి, సాయంత్రం అదే నీళ్ళు క్యానులో పట్టుకుని ఇంటికి వెళ్ళాను.

అయినా మళ్ళీ పట్టి చూశాను. పరీక్ష మందు వేయగానే నీళ్ళు పసుపు తిరిగాయి, అమ్మోనియా ఉందని.

అప్పుడు తెలియదా నాకు? తెలుసు. అవతలి షెడ్డు దాకా వెళ్ళాల్సి వస్తుందని తెలియనట్టు ఉన్నాను.

30 మే

ఈ పుస్తకం వెనక్కి తిప్పి మొత్తం చదివాను. బస్సు కండక్టర్‌కి కూడా కృతజ్ఞతలు రాశాను. బాపుకి ఎక్కడా లేవు.

2 జూన్

చెప్పలేదు. ఆయన అన్నం తింటున్నాడు కదా, తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక నిద్రపోయాడు.

5 జూన్

చెప్పలేదు. జూన్ ఆఖరుకి నా ఆర్నెల్లు అయిపోతాయి. సారు వచ్చి సంతకం పెడితే పొడిగిస్తారు. శాంపిల్ నల్లాకి, డీఎం నల్లాకి తేడా మర్చిపోయిన మనిషిని ల్యాబ్‌లో ఎవరు ఉంచుకుంటారు? ఇది ఎవరికీ తెలియాల్సిన పని లేదు. పువ్వు ఎలాగూ పోయింది. బాపు కూడా మర్చిపోయినట్టే ఉన్నాడు.

8 జూన్, మృగశిర

ఈరోజు చేపలు తినే రోజు. అమ్మ పొద్దున్నే బజారుకి వెళ్ళి రోహు తెచ్చి చింతపులుసు పెట్టింది. పొయ్యికీ తొట్టికీ మధ్య ఆరడుగులు. మిగిలిన చేప అద్దం దగ్గరికి వచ్చి చూస్తోంది.

బాపు కంచం తీసుకుని బయటికి నడిచాడు. "దాని సుట్టాన్ని దాని ముంగట ఎట్ల తింటమే" అన్నాడు. అమ్మ, "సముద్రపుదానికీ చెరువుదానికీ సుట్టరికమేంది, మన మరాఠీ పక్కింటోళ్ళతోని వరసలు కలిపినట్టా?" అంది. ఇంతమంది నవ్వి చాలా రోజులయింది ఈ ఇంట్లో. ఇంతమంది అంటే ముగ్గురం.

నేనూ కంచం పట్టుకుని ఆయన పక్కన రేకు కింద కూర్చున్నాను. ఆయన ముల్లు తీసి నా కంచంలో ముక్క వేశాడు, చిన్నప్పటిలాగా. ఆ ముక్క నోట్లో పెట్టుకోలేకపోయాను. చెప్పేశాను. నల్లా, ధనరాజ్, రిజిస్టరు, అంతా. ఉత్తరంలో ఏం రాశానో అది కూడా.

బాపు చాలాసేపు పులుసు కలుపుతూనే ఉన్నాడు.

"నా మసి గాదా అయితే?"

"కాదు బాపూ."

"నేను నిజమే అనుకున్న బిడ్డా. రోజు రుద్దుకుంటున్న."

చేతులు తిప్పి చూపించాడు. అరచేతుల మీద పొర లేచి ఎర్రగా ఉన్నాయి. ఇసుకరాయితో రుద్దుకుంటున్నాడట, బావి దగ్గర, మేం లేవక ముందే. మసి పోతే లోపలికి పోదామని.

నేను ఏడుస్తుంటే ఆయన కోపంగా అన్నాడు, ఈ నెలలో మొదటిసారి కోపంగా. "ఇరవై దినాలు ఎండల గూసున్న. ఒక్కనాడన్న జెప్పకపోతివి." తర్వాత, "తిను. ముల్లు దీసిన" అన్నాడు.

భోజనమయ్యాక లోపలికి వచ్చాడు. తొట్టి దగ్గర నిలబడి, పడి ఉన్న నత్తను చూశాడు, నన్ను చూశాడు. పెట్టు అన్నాను. పెట్టాడు.

ఈ కృతజ్ఞత ఎలా రాయాలో తెలియటం లేదు. బాపుకి.

9 జూన్

కమలాక్షమ్మగారికి మొత్తం రాసి డబ్బాలో వేశాను.  

17 జూన్

మొదటి వాన. బాపు సంచులు విప్పి ఆరేశాడు. ఇరవై ఆరున్నర. చేప నత్తల వెంట తిరుగుతోంది. ధనరాజ్ తానే క్యాను నింపి ల్యాబ్ గుమ్మంలో పెట్టిపోయాడు. నవ్వుతాడేమోనని చూశాను. "వానకాలం ఒక్క క్యాను చాలదా మేడం?" అన్నాడు, అంతే. ధనరాజ్‌కి కృతజ్ఞతలు.

జవాబు రాలేదు.

24 జూన్

వాళ్ళు వచ్చారు. నిన్న దిగి ఈరోజు పొద్దున్నే మా ఇంటికి. కమలాక్షమ్మగారు సగమయ్యారు. గుమ్మం ఎక్కడానికి సారు చెయ్యి పట్టుకున్నారు. వచ్చీ రాగానే తొట్టి ముందు కుర్చీలో కూర్చుని, పువ్వు ఉండే చోటు చూశారు. ఆ రాయి ఖాళీగా ఉంది.  అమ్మ టీ పెడతానని అటు తిరిగింది.

తర్వాత ఆవిడ బాపు వైపు చూశారు. "పోశన్నా, మనసులో పెట్టుకోకు. తెలియక జరిగింది. నీ చెయ్యి ఏం చేస్తుందిలే పాపం."

అప్పుడు అర్థమైంది. రెండో ఉత్తరం అందలేదు. నెల మొదట్లోనే ఆసుపత్రి దగ్గరి గది ఖాళీ చేసి చెల్లెలి ఇంటికి మారారట.

నేను నోరు తెరిచేలోపు బాపు అన్నాడు, "అవునమ్మా. నా చెయ్యే. పెట్టద్దని బిడ్డ జెప్పింది, నేనే ఇనలె."

సారు అక్కడే ఉన్నారు. సారు జేబులో పెన్ను ఉంది. బాపు నన్ను చూడటం లేదు, గోడను చూస్తున్నాడు. నేను ఊరుకుంటే చాలు. ఆయన నాకోసం ఆ పని పూర్తి చేసేశాడు. ఊరుకోవడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఒక ఊపిరి పీల్చేంత సేపు ఊరుకున్నాను. అది కూడా రాస్తున్నాను.

"కాదండి. బాపు చెయ్యి కాదు. నేను బాయిలర్ శాంపిల్ నల్లా నీళ్ళు పోశాను. మూడు రోజులు. నా మీదికి రాకుండా ఆయన పేరు రాశాను."

"శాంపిల్ నల్లానా?" అన్నారు సారు.

"అవును సార్."

"అమ్మోనియా చూసేది నువ్వే కదా."

"నేనే సార్. రిజిస్టరులో ఉంది."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు ల్యాబ్‌లో మాట్లాడదాం" అన్నారు. గొంతు హెచ్చలేదు, అదే ఎక్కువ భయం.

కమలాక్షమ్మగారు బాపునే చూస్తున్నారు. "మరి నువ్వెందుకు ఒప్పుకున్నావు పోశన్నా?"

బాపు తల గోక్కున్నాడు. "మాకు దెల్సిందేముందమ్మా. గనిల అయితే పైకప్పు కూలితే ఎవని తప్పని తర్వాత అడుగుతరు. ముందుగాల పోరగాండ్లను బయటికి తోల్తరు."

 చేప మేత కోసం పైకి వచ్చి ఆవిడ వేలి ఎదురుగా నిలబడింది. టీ తాగారు, సగం.

"పువ్వు పోయిందని చదివినరోజు కరెంటుకి వెళ్ళనన్నాను" అన్నారు నాతో, నెమ్మదిగా. "ఈయన లాక్కెళ్ళారు. నీకు ఇది తెలియాలి, ప్రతిభా."

తల ఊపాను. తెలియాలి.

"ఆగస్టులో మళ్ళీ వెళ్ళాలి నేను. ఈలోపు తొట్టిని అటూ ఇటూ కదిపితే రాళ్ళు తట్టుకోవు. ఇక్కడే ఉండనివ్వండి." లేవబోతూ ఆగి బాపు వైపు తిరిగారు. "పోశన్నా, నీకు అప్పజెప్పి వెళ్తున్నాను. తొట్టి నీది. ఏం కావాలన్నా ప్రతిభ చేత చేయించుకో."

నాకు కాదు, బాపుకి.  ఆవిడ దగ్గర పీట మీద కూర్చున్న నాటి నుంచి ఏదైనా అప్పజెబితే నాకే అప్పజెప్పారు. బాపు మాత్రం, "నేనా?" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపి, ఆయన చెయ్యి ముందుకు తీసుకునేదాకా అలాగే చాపి ఉంచారు.

వెళ్ళేటప్పుడు నా తల నిమిరారు. కోపం లేదని కాదు. ఉన్నా నిమిరారు. దానికి కృతజ్ఞతలు.

25 జూన్

సారు మూడు నెలలకు పొడిగించారు, ఆర్నెల్లకు కాదు. "శాంపిల్ నల్లాల మీద ఏ నీళ్ళో రాసి చీటీలు అంటించు, అన్నిటికీ" అన్నారు. పద్నాలుగు నల్లాలు. సాయంత్రం దాకా అంటించాను. మరాఠీలో, హిందీలో. సారు చూసి, "తెలుగులో కూడా రాయి, ధనరాజ్ చదువుతాడో లేదో చూద్దాం" అన్నారు. ధనరాజ్ చదవలేకపోయాడు. నేర్పమన్నాడు. నవ్వకుండానే అన్నాడు.

26 జూన్

పొద్దున్నే బాపు లేపాడు. అప్పటికే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఖాళీ క్యాను చంకలో పెట్టుకుని ఉన్నాడు.

"ఎక్కడికి?"

"నీతోనే. గేటు దాకా."

"గేటు లోపలికి నిన్ను రానివ్వరు బాపూ."

"రానియ్యకపాయె. బయట నిలబడ్త. నువ్వు నింపుకొని రా, ఏ నల్లాదో నాకు జెప్పు. తొట్టి నాది. అడిగే హక్కున్నది నాకు."

అమ్మ దుప్పటిలోంచి నవ్వింది. నేను లేచి జడ వేసుకున్నాను. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని క్యాను ఒళ్ళో పెట్టుకున్నాడు. కండక్టర్ వస్తే, అడగకముందే చెప్పాడు, "సముద్రానికి నీళ్ళు. మా బిడ్డ తెస్తది, నేను పోస్త."